తాడు లాగే చెయ్యి

డబ్బా పేలినప్పుడు రాగమ్మ షెడ్డు వెనక గదిలో మోటారుకి తీగ చుడుతోంది. కాయిల్‌కి అరవై చుట్లు. నలభై రెండో చుట్టు మీద ఉంది. ముందు చప్పుడు తెలియలేదు. కూర్చున్న స్టూలుని కింద నుంచి ఎవరో తన్నినట్టయింది, చెవుల్లో సూదులు దిగినట్టయింది, ఆ తర్వాత రేకుల కప్పు మీద టపటపమని ఏవో పడ్డాయి. వేలు వదిలితే చుట్లన్నీ విడిపోతాయి. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ ఆ వేలు ఇంకో క్షణం తీగని అలాగే నొక్కిపట్టింది. అప్పుడు భర్త అరుపు వినబడింది. తీగ వదిలేసి పరుగెత్తింది.

షెడ్డులో అందరూ ఫిట్టరు అనే ఆమె భర్త ఇంజను పక్కన మోకాళ్ల మీద పడి ఉన్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి తెల్లటి నురుగు కారుతోంది. డబ్బా పెట్టిన బల్ల రెండుగా చీలిపోయింది. డబ్బాలో ఉండాల్సిన స్టీలు పలకలు షెడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఒకటి గోడలో సగం దాకా దిగబడి ఇంకా ఊగుతోంది.

ఆ డబ్బాలో ఏముంటుందో ఆమెకు బాగా తెలుసు. నీళ్లు, కాస్టిక్ సోడా. బ్యాటరీ తీగలు తగిలిస్తే నీళ్లు విడిపోయి గ్యాసవుతాయి. గ్యాసు గొట్టం గుండా ఇంజనులోకి వెళ్తుంది. పెట్రోలు చుక్క లేకుండా ఇంజను తిరుగుతుంది. ఆమె అన్న ఎనిమిదేళ్లుగా తన ఈ షెడ్డులో చేస్తున్నది అదే పని. మంట ఒక్కసారి భగ్గుమని పోతుంది. కాస్టిక్ అలా పోదు. కంట్లో పడితే కన్ను సబ్బుముక్కలా కరిగిపోతుంది.

"చేతులు తియ్యి! రుద్దకు!"

అతనికి వినబడలేదు. కాలరు పట్టి లాగింది. ఆమెకు రెండింతలుంటాడు మనిషి. కదల్లేదు. జుట్టు పట్టుకుని లాగింది. పాకుతూ వచ్చాడు. షెడ్డు మూల కొళాయి దగ్గర అతని తల తొట్టిలోకి తోసి, వీపు మీద మోకాలు పెట్టి, నీళ్లు పూర్తిగా తిప్పేసింది. రెండు వేళ్లతో రెప్పలు విడదీసింది. అతను గావుకేక పెట్టి మోచేత్తో వెనక్కి పొడిచాడు. ఆమె పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. వేళ్లు వదల్లేదు.

"తాతా, కాళ్లు పట్టుకో!"

లేత్ మిషను దగ్గర పనిచేసే ముసలాయన తూలుకుంటూ వచ్చి ఫిట్టరు కాళ్ల మీద అడ్డంగా పడ్డాడు. ఆయన్ని అందరూ లేత్ తాత అంటారు. ఆమెను రాగమ్మ అనేది కూడా ఆయనే మొదలుపెట్టాడు, పొద్దస్తమానం రాగితీగతో ఉంటుందని. ఇప్పుడు అసలు పేరుతో ఆమె భర్త తప్ప ఇంకెవరూ పిలవరు.

"ఏం చేస్తున్నావే! ఆసుపత్రికి పదండి!" గేటు వైపు నుంచి అన్న పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఫోను. తెల్ల చొక్కా మీద మరక లేదు. వీధిలో అతన్ని ప్రొఫెసర్ అంటారు. ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. వెక్కిరింతగా మొదలైన పేరు, అతను సంతోషంగా స్వీకరించాడు. "నీళ్లతో ఆటలేంటి నీకు? లే!" అని ఆమె భుజం పట్టి గుంజాడు.

ఆమె వెనక్కి చూడకుండానే మడమతో తన్నింది. అది అతని మోకాలి చిప్పకు తగిలింది. అతను కుంటుతూ వెనక్కి తగ్గాడు.

"ఇరవై నిమిషాలు," అంది. "ఇరవై నిమిషాలు కడగకుండా ఎక్కడికీ తీసుకెళ్లను. తాతా, గడియారం చూడు."

ఆ ఇరవై నిమిషాలూ ఫిట్టరు కొట్టుకుంటూనే ఉన్నాడు. ఎడమ కన్ను, కుడి కన్ను, మళ్లీ ఎడమ. కుడి కంటి నల్లగుడ్డు మీద పాలమీగడ లాంటి పొర కమ్ముకోవడం ఆమె తన వేళ్ల మధ్యే చూసింది. గేటు దగ్గర జనం మూగారు. పక్క దుకాణాల వాళ్లు, దారినపోయేవాళ్లు. నీళ్ల చప్పుడు మధ్య అన్న గొంతు వినబడింది.

"సిగరెట్ వెలిగించాడు. ఎన్నిసార్లు చెప్పాను? గ్యాసు దగ్గర సిగరెట్ వెలిగించాడు."

పెళ్లయిన పదహారేళ్లలో భర్త నోట్లో పొగ అనేది ఆమె ఎరగదు. వెనక్కి తిరగాలనిపించింది. వేళ్ల కింద రెప్ప కొట్టుకుంటోంది. తిరగలేదు.

*

ఎడమ కన్ను దక్కిందన్నారు. వెంటనే కడగబట్టి దక్కిందనీ, లేకపోతే రెండూ పోయేవనీ డాక్టరు అన్నాడు. కుడి కన్ను ఇక లేదు. కుడి చెవిలో పొర చిరిగిపోయింది. మెడ మీదా, కుడి చేతి మీదా తోలు ఊడిపోయింది. మొదటి రోజంతా మందుల మత్తులో మూలిగాడు. రెండో రోజు పొద్దున్న కాస్త స్పష్టంగా మాట్లాడాడు.

"సీసా తీసేశాడే."

ఆమె అతని ఎడమ చెవి వైపు కుర్చీ జరుపుకుంది.

ఏ సీసానో ఆమె అడగనక్కర్లేదు. డబ్బాకీ ఇంజనుకీ మధ్య ఒక సీసా ఉండేది, సగం దాకా నీళ్లతో. గ్యాసు ఆ నీళ్లలోంచి బుడగలుగా పైకొచ్చి ఇంజనులోకి వెళ్లేది. ఈ గ్యాసు పెట్రోలులా నిదానంగా కాలదు. ఇంజను ఏ కాస్త దగ్గినా మంట గొట్టం పట్టుకుని వెనక్కి తన్నుతుంది. సీసా ఉంటే అది నీళ్ల దగ్గర చచ్చిపోతుంది. లేకపోతే నేరుగా డబ్బాలోకి పోతుంది.

"ఎందుకు తీశాడు?"

"సీసాలోంచి తడి వెళ్లి ఇంజను తడబడుతోందన్నాడు. పైగా వచ్చేవాళ్లు దాన్ని చూసి అందులో పెట్రోలుందా అని అడుగుతారంట. తాత చేత విప్పించాడు. ఇంజను స్టార్టు చేసే తాడు నేను లాగనన్నాను. సీసా లేకుండా తాడు లాగను బావా అని మొహానే చెప్పాను."

"మరి లాగావుగా?"

కట్టు కింద దవడ కదిలింది. "నీకు లాగడం చేతకాకపోతే నా చెల్లెలొచ్చి లాగుతుందిలే, దానికి నీకన్నా గుండె ఉంది అన్నాడు. నిన్ను పిలవడానికి తిరిగాడు కూడా." ఊపిరి పీల్చుకున్నాడు. "అందుకని లాగాను."

రాగమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద ఎవరో బండి తుడుస్తున్నారు. ఆ పేలుడు తన మొహం మీద జరగాల్సింది. నలభై రెండో చుట్టు మీద కూర్చుని ఉన్న తనని పిలిచి ఉంటే లేచి వెళ్లి లాగేదే, అన్న చెప్పాడు కదా అని. ఆ సంగతి అప్పుడు కాదు, ఆ కిటికీ దగ్గర ఒంట్లోకి దిగింది. చేతులు కిటికీ మీద నుంచి తీసింది. వాటిని చంకల్లో దాచుకుంది.

అన్న మధ్యాహ్నం వచ్చాడు. పళ్ల సంచి తెచ్చాడు. మంచం అంచున కూర్చుని "ఎలా ఉంది బావా?" అన్నాడు. అతని కళ్ల కింద నల్లటి గుంటలు. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. జేబులోంచి ఒక కాగితం, ఒక ఇంకు పెట్టె తీశాడు.

"పోలీసులకి ఒక ముక్క రాసివ్వాలి. ఏదో లాంఛనం. చేతికి కట్టుంది కదా, ఎడమ వేలిముద్ర చాలు."

"ఏం రాశావు?" అంది రాగమ్మ.

"ఏముంది, ప్రమాదం జరిగిందని."

"చదువు."

"నువ్వు ఊరుకో చెల్లీ. మగాళ్లం మాట్లాడుకుంటున్నాం."

ఆమె కాగితం లాక్కుంది. ధూమపానం చేయరాదని పలుమార్లు హెచ్చరించినప్పటికీ అని ఉంది. నా నిర్లక్ష్యం కారణంగా అని ఉంది. ఎవరిపైనా ఎటువంటి ఫిర్యాదు లేదని ఉంది. ఆమె చదువుతుండగానే అన్న ఫిట్టరు ఎడమ చెయ్యి పట్టుకుని బొటనవేలు ఇంకులో ముంచాడు. ఫిట్టరు చెయ్యి గుంజుకున్నాడు.

"బావా, మొండికెయ్యకు. ఎల్లుండి ఇంజను చూసి డబ్బు పెట్టేవాళ్లొస్తున్నారు. ఎనిమిదేళ్లు! ఎనిమిదేళ్ల పని నీ ఒక్కడి వల్ల మట్టిలో కలిసిపోతుంది. నేను బాగుపడితే నిన్ను వదిలేస్తానా?"

"సీసా తీసింది నువ్వు."

"సీసా లేదు, గీసా లేదు." ఒక చేత్తో అతని మణికట్టు నొక్కిపట్టి, రెండో చెయ్యి అతని మెడ మీద వేశాడు, బుజ్జగిస్తున్నట్టు. ఆ చెయ్యి కట్టు మీద ఉంది. తోలు లేని చోట ఉంది. నెమ్మదిగా నొక్కాడు. ఫిట్టరు నడుము మంచం మీద విల్లులా లేచింది. గొంతులోంచి శబ్దం రాలేదు.

మంచం పక్కన సెలైను సీసాలు వేలాడదీసే ఇనుప కమ్మీ ఉంది. ఖాళీది. రాగమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి అన్న వీపు మీద దించింది. అతను ముందుకు తూలి మంచం మీద పడ్డాడు. మళ్లీ కొట్టింది, భుజం మీద. మూడోసారి ఎక్కడ తగులుతుందో చూసుకోలేదు. అతని చెవి పైన చర్మం చీలి రక్తం చొక్కా మీదికి జారింది. పక్క మంచాల వాళ్లు అరిచారు. అన్న తిరిగి ఆమె గొంతు పట్టుకున్నాడు. గోడకి అదిమాడు. ఆమె కాళ్లు నేలని వెతుక్కున్నాయి. చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన వేళ్లే అవి. ఆ వేళ్ల బలమంతా ఏనాడూ తన మీద ఇలా పడలేదు.

ఇద్దరు వార్డు మనుషులొచ్చి విడదీశారు. అతను చెవి మీద అరచెయ్యి నొక్కుకుని, కింద పడ్డ కాగితం ఏరుకున్నాడు.

"తోడబుట్టినదానివని చూస్తున్నాను," అన్నాడు ఆయాసంగా. "ఇంకెవరైనా అయితే ఈపాటికి చచ్చుండేవాళ్లు."

"ఎల్లుండి కూడా సీసా పెట్టవా?" అంది ఆమె దగ్గుతూ.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

మర్నాడు పోలీస్ స్టేషన్లో బల్ల వెనక కూర్చున్నాయన ఆమె చెప్పిందంతా విన్నాడు. మెడ మీది వేలిగుర్తులు కూడా చూశాడు. "అమ్మా, షెడ్డులో ఆ టైముకి ఇంకొకాయన ఉన్నాడు కదా, లేత్ పనాయన. ఆయన్ని నిన్నే అడిగాం. నేనేం చూళ్లేదు బాబూ, నాకు సరిగ్గా వినబడదు అన్నాడు. మీ ఆయన మాట, మీ అన్నయ్య మాట. ఏది నమ్మమంటావు?"

"తాతకి వినబడదా? గేరు పన్ను విరిగితే వీధి చివర్నుంచి చెప్తాడు ఏ పన్నో!"

ఆయన నవ్వాడు. నవ్వినందుకు తనే ఇబ్బందిపడి కాగితాలు సర్దుకున్నాడు.

అక్కడ్నుంచి ఆమె తిన్నగా షెడ్డుకి నడిచింది. గేటు పక్కన, చెత్త పారేసే చోట, తన చుట్టే మిషను పక్కకి ఒరిగి పడి ఉంది. పిడి విరిగింది. రాగితీగ ఉండలన్నీ విప్పి చిక్కుముడి చేసి విసిరేశారు. సగం చుట్టిన మోటారు గుండెకాయలోంచి కాయిళ్లు ఉలితో నరికి లాగేశారు. నలభై రెండు చుట్ల దగ్గర ఆగిన పని. ఆమె వంగి ఒక తీగ ముక్క తీసుకుని వేళ్ల మధ్య నిటారుగా సాగదీసింది, ఇంకా పనికొస్తుందేమో అన్నట్టు. పనికిరాదు. మీది ఎనామెల్ పూత ఊడింది. పారేసింది.

లోపల కొత్త డబ్బా సిద్ధమైంది. పాతదానికన్నా పెద్దది, అద్దంలా మెరుస్తోంది. లేత్ తాత ఇంజను తల బిగిస్తున్నాడు. ఆమెను చూసి స్పానరు జారవిడిచాడు.

"సీసా ఏది తాతా?"

ఆయన గేటు వైపు చూశాడు. "వద్దన్నాడమ్మా."

"నువ్వు పోలీసులకి ఏం చెప్పావు?"

"తల్లీ, నాకు అరవై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఇంకో షెడ్డువాడు నన్ను తీసుకుంటాడా? లేత్ తప్ప నాకు ఇంకేం..."

మాట పూర్తి కాలేదు. అన్న లోపలి గదిలోంచి వచ్చాడు. చెవి మీద ప్లాస్టరు. ఏమీ అడగలేదు. నేరుగా వచ్చి ముసలాయన చెంప మీద కొట్టాడు. కళ్లజోడు ఎగిరి లేత్ కింద రాలిన ఇనుప రజనులో పడింది. ఇంకోటి కొట్టాడు. ముసలాయన లేత్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ముక్కులోంచి సన్నగా రక్తం కారింది. తుడుచుకోలేదు, అది తనది కానట్టు.

"పనివేళలో కబుర్లా?" అన్నాడు అన్న. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "నీ డైనమో బావుంది. అది మాత్రం ఉంచాను. కావాలంటే రేపొచ్చి చూడు. నీ చేతి పని పదిమంది చూస్తారు."

ఆ డైనమో ఆమె మూడుసార్లు చుట్టింది. ఇంజను దాన్ని తిప్పుతుంది, అది డబ్బాకి కరెంటిస్తుంది, డబ్బా ఇంజనుకి గ్యాసిస్తుంది, ఇలా తనంతట తనే నడిచిపోతుందని అన్న లెక్క. ఎంత మందం తీగ వేసినా పన్నెండు ఆంపియర్లు దాటలేదు. డబ్బాకి నలభై కావాలి. మిగతాది బ్యాటరీల్లోంచి వస్తుంది. బ్యాటరీలకేమో సిమెంటు గచ్చు కింద పూడ్చిన తీగలోంచి, గోడ ప్లగ్గులోంచి వస్తుంది. ఆ సంగతి అన్నకి చెప్పింది కూడా. "ఇంకాస్త మందం తీగ వెయ్యి," అన్నాడు. అతను అబద్ధమాడుతున్నాడని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. అతను నమ్ముతాడు. గచ్చు కింద తీగ ఈ ఒక్కసారికేననీ, వచ్చే ఏడాదికి అక్కర్లేదనీ ఎనిమిదేళ్లుగా నమ్ముతున్నాడు.

ఆమె ముసలాయన కళ్లజోడు ఏరి, చీరచెంగుతో రజను తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. కొత్త డబ్బా వైపు చూసింది. డబ్బా నుంచి ఇంజనుకి ఒకే గొట్టం, మధ్యలో ఏమీ లేకుండా, తిన్నగా. ఇంజను చల్లగా ఉన్నప్పుడు లాగే మొదటి తాడుకే ఎక్కువగా దగ్గుతుంది. పదిమంది ముందు, గర్వంగా, అన్న లాగుతాడు.

తను ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

"వస్తాను," అంది.

*

మర్నాడు పదింటికి నలుగురు వచ్చారు. ముగ్గురు మగవాళ్లు, ఒక తెల్లజుట్టు ఇంజినీరమ్మ. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెవి మీది ప్లాస్టరు జుట్టుతో కప్పాడు. షెడ్డు కడిగించాడు. రాగమ్మ గేటు లోపల, ఇనుప కడ్డీల కట్ట పక్కన నిలబడింది. రాత్రి ఫిట్టరు నొప్పితో కొరికిన ఆమె చెయ్యి ఇంకా వాచే ఉంది. అన్న ఆమెను చూశాడు, తల ఊపాడు, రాజీకొచ్చిందనుకున్నాడు.

మాట్లాడటంలో అతన్ని మించినవాడు లేడు. నీటిచుక్కలో ఎంత నిప్పుందో చెప్పాడు. ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు కనుబొమలు కాల్చుకున్నాడో చెప్పి నవ్వించాడు. అది అబద్ధం కాదు. ఆ కాలిన కనుబొమలకి వెన్న రాసింది రాగమ్మే.

"బయటి నుంచి ఏమీ రాదా?" అంది ఇంజినీరమ్మ.

"నీళ్లు తప్ప ఏమీ రాదండీ."

బ్యాటరీ తీగలు తగిలించాడు. డబ్బాలో బుసబుస మొదలైంది. నిండు పాలగిన్నె పొంగే ముందు చేసే చప్పుడు లాంటిది. గొట్టం చిన్నగా బిగుసుకుంది. రాగమ్మ కడ్డీల కట్టని పట్టుకుంది. ఇప్పుడు వంగుతాడు. ఇప్పుడు తాడు చుడతాడు. ఆ మొహం డబ్బాకి మూరెడు దూరంలో ఉంటుంది. ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే కడ్డీలు మోగుతున్నాయేమో అనిపించింది. అది భయం కాదు. ఆకలి లాంటిది.

"అందరూ కాస్త వెనక్కి రండి, బాగా కనబడుతుంది," అన్నాడు అన్న. నలుగురినీ వెనక్కి జరిపాడు. తనూ జరిగాడు. జరిగి జరిగి పనిముట్ల ఇనుప బీరువా పక్కకి వెళ్లాడు. భుజం, సగం ఒళ్లు బీరువా వెనక్కి వెళ్లాయి.

"తాతా," అన్నాడు. "లాగు."

లేత్ తాత ముందుకొచ్చాడు. చెంప ఇంకా ఉబ్బే ఉంది. ఇంజను చక్రానికి తాడు చుట్టాడు. ఒక చుట్టు జారింది. మళ్లీ చుట్టాడు. ఆయన చేతులు ఏ రోజూ వణకవు, వెంట్రుకలో సగం మందం తేడా కోసే చేతులవి. ఇప్పుడు వణుకుతున్నాయి. ఆయన డబ్బా వైపు చూడకుండా నేల వైపు చూస్తున్నాడు.

రాగమ్మకి అప్పుడు అర్థమైంది. అన్నకి తెలుసు. మొన్నా తెలుసు. ఫోను పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లినప్పుడూ తెలుసు. తడబాటు వల్ల కాదు, మూర్ఖత్వం వల్ల కాదు. మంట వెనక్కి తన్నుతుందని తెలిసే, అది ఎవరి మొహం మీద పడాలో ఎంచుకున్నాడు. మొన్న ఫిట్టరుని. కాదంటే తనని. ఇవాళ ఈ ముసలాయన్ని.

తను చూడ్డానికొచ్చిన మంట తప్పు మొహం వైపు వెళ్తోంది.

ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. ముసలాయన మణికట్టు పట్టుకుంది. "జరుగు తాతా." చక్రం మీద నుంచి తాడు విప్పింది. దాన్ని పట్టుకుని బీరువా దగ్గరికి నడిచింది. అన్న అరచెయ్యి తెరిచి, తాడు కొసని అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"అన్నయ్యా, నువ్వే లాగు."

"ఏంటిది? వాళ్ల ముందు..."

"వాళ్ల ముందే. ఎనిమిదేళ్ల పని కదా. నువ్వే లాగు."

ఆమె గొంతు పెంచలేదు. షెడ్డులో డబ్బా బుసలు తప్ప ఇంకో చప్పుడు లేదు. అన్న నలుగురి వైపూ చూసి నవ్వాడు. "మా చెల్లెలండీ. కాస్త మొండిది." ఇంజను దగ్గరికి నడిచాడు. తాడు చుట్టాడు. బాగానే చుట్టాడు. ఎడమ చెయ్యి ఇంజను మీద ఆనించాడు, కుడి చెయ్యి వెనక్కి పెట్టాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇంకాస్త తిప్పుకున్నాడు. చెయ్యి బారెడు సాగింది, ఒళ్లు డబ్బాకి దూరంగా వంగింది, ఒక పక్కకి ఒరిగిన చెట్టులా అయ్యాడు. మెడ మీద నుంచి చెమట కాలరులోకి దిగింది.

లాగలేదు.

అందరూ చూస్తున్నారు. ఒక నిమిషం అయివుంటుంది. ఇంజినీరమ్మ మెల్లగా అడిగింది: "మధ్యలో నీళ్ల సీసా ఏమైనా ఉండాలి కదండీ? మంట వెనక్కి రాకుండా?"

అతను తాడుని అరచేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"అమ్మా, ఆ కరెంటు తీసెయ్యి," అంది ఆవిడ రాగమ్మతో.

రాగమ్మ బ్యాటరీ క్లిప్పులు పీకేసింది. బుసలు ఆగిపోయాయి. నలుగురూ బయటికి నడిచారు. గేటు దగ్గర ఇంజినీరమ్మ ఒకసారి ఆగి, గోడలో పలక దిగిన చీలిక మీద వేలు పెట్టి చూసి, వెళ్లిపోయింది.

కారు చప్పుడు వీధి చివర మాయమయ్యాక లేత్ తాత అన్నాడు: "సీసా విప్పింది నేను. విప్పించింది నువ్వు. నాకు బాగానే వినబడుతుంది. స్టేషన్‌కెళ్లి అదే చెప్తాను."

అన్న చెయ్యెత్తాడు. రాగమ్మ బల్ల మీది పెద్ద స్పానరు అందుకుంది. ఆ చెయ్యి దించకపోతే విరగ్గొట్టేదే. ఎముక ఎక్కడ విరగాలో కూడా ఎంచుకుంది. అతను ఆమె మొహం చూశాడు. చెయ్యి దానంతటదే కిందికొచ్చింది. ఇంజను పక్కన గచ్చు మీద కూలబడ్డాడు.

"భయమేసింది చెల్లీ," అన్నాడు. "మొన్నా భయమేసింది. అందుకే బావని లాగమన్నాను. ఫోను రాలేదు. ఊరికే చెవి దగ్గర పెట్టుకుని వెళ్లాను."

"నేనూ ఇవాళ నువ్వు చస్తే చూద్దామనే వచ్చాను."

అతను తలెత్తాడు. "మరి ఎందుకు ఆపావు?"

"నిన్ను ఆపలేదు. తాతని ఆపాను. నువ్వు లాగి ఉంటే చూస్తూ నిలబడేదాన్ని."

స్పానరు బల్ల మీద పెట్టింది. వచ్చినవాళ్లకి పంచడానికి అచ్చువేయించిన కాగితాల్లో ఒకటి తీసి, ఖాళీగా ఉన్న వెనక వైపు పైకి తిప్పి, అతని ముందు పడేసింది. అతని జేబులోంచి పెన్ను ఆమే తీసిచ్చింది.

"ఇప్పుడు నాతో అన్నది రాయి. ఫోను సంగతి కూడా."

రాస్తాడని ఆమె అనుకోలేదు. అతను ఒడిలో పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆగి "హెచ్చరించినప్పటికీ" అని రాయబోయి కొట్టేశాడు. తాత గేటు మూసొచ్చి, అతను రాస్తున్నంతసేపూ అతని వెనకే నిలబడ్డాడు.

*

సాయంత్రం వార్డులో లైట్లు వెయ్యకముందే ఆమె ఫిట్టరు ఎడమ పక్కన కూర్చుంది. కట్టు మార్చే ఆమె అప్పుడే వెళ్లింది. అతని పెదవుల మీద నీళ్ల తడి ఉంది.

"తాత స్టేషన్లో చెప్పేశాడు. పోలీసాయన మొత్తం రాసుకున్నాడు. అసలు కాగితం ఉంచుకుని ఈ నకలు మనకిచ్చాడు. రేపు నీ దగ్గరికొస్తారు."

"చదువు."

చదివింది. పక్క మంచం మీదివాళ్లకి వినబడకుండా, అతని చెవి దగ్గర నోరు పెట్టి. సీసా సంగతి. తాడు సంగతి. సిగరెట్ అబద్ధమన్న సంగతి. నేను భయపడి దూరంగా వెళ్లాను అన్న దగ్గరికొచ్చేసరికి అతను చెయ్యి కదిపాడు.

"ఆ ముక్క మళ్లీ చదువు."

మళ్లీ చదివింది.

అతను మిగిలిన ఒక్క కన్నుతో పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. కోపంగా ఉన్నాడో ఏడుస్తున్నాడో ఆమెకు తెలియలేదు. కుడి వైపంతా కట్టే.

"నాకూ భయమేసిందే," అన్నాడు. "తాడు పట్టుకోగానే కాళ్లు చల్లబడిపోయాయి."

ఆమె కాగితం మడిచింది. గొంతు మీది వేలిగుర్తులు మింగుతుంటే నొప్పెట్టాయి. అతని ఎడమ చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటోంది. దాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలి గోటి చుట్టూ నల్ల ఇంకు ఇంకా అంటుకునే ఉంది. చెంగు తడిపి తుడవడం మొదలుపెట్టింది.